గుదియ తర్వాత

కింగ్స్ లిన్ రేవు వెనక, పాత ఉప్పు కొట్టుని ఆనుకుని
రేకుల షెడ్డు మాది.
నవంబరులో కుళాయి నీళ్ళు వేళ్ళను కొరుకుతాయి.
పళ్ళు తోముకునే బ్రష్షుతో
పెంకుల అంచులు తోముతాను.
విరిగిన అంచే ముఖ్యం, అంటుంది డోరీన్ లార్వుడ్,
నునుపైన మొహం ఎవరికైనా ఉంటుంది,
విరిగినచోటే మట్టి నిజం చెబుతుంది.

పట్టకారుతో పెంకు మూల పుటుక్కున చిట్లిస్తుంది.
తాజా గాటును నాలుకకు తాకిస్తుంది.
అంటుకుంటే ఒక మాట, జారిపోతే ఒక మాట.
"గ్రిమ్‌స్టన్," అంటుంది. ఇక్కడికి ఏడు మైళ్ళు.
బూడిదరంగు ఒళ్ళు, ఇసుక గరుకు,
పైన పాచిలాంటి ఆకుపచ్చ మెరుగు.
"ఇది మాత్రం రైన్ ఒడ్డున కాలింది."
ఆవంలో ఉప్పు విసిరితే
కమలాతొక్కలా గుంటలు లేచిన గట్టి కూజా.
ఇక్కణ్ణుంచి ఉన్ని పోతే, అక్కణ్ణుంచి ఇవి వచ్చేవి,
ఊజ్ నదికి పోటు ఎక్కే వేళకి, ఓడల్లో, గడ్డిలో చుట్టి.
మెడమీద గడ్డం మనిషి ఉండాలి.
గడ్డం మిగిలింది, మనిషి దొరకలేదు.

రెండేళ్ళుగా ఆమె చూపు నట్టనడుమ ఆరిపోతోంది.
అంచులు కనిపిస్తాయట, మధ్య కనిపించదట.
"పెంకులూ అంతేగా," అని నవ్వేసింది.
అప్పట్నుంచి ఆమె వేలు, నా కన్ను.

నేను రాస్తాను:
మూతి, పది శాతం. పిడి, ఒకటి. అడుగు, మూడు.
బరువు గ్రాముల్లో.
బొమ్మ గీస్తే ఎడమవైపు కోతను నల్లగా నింపాలి,
కుడివైపు ఒంటిని చుక్కలతో.
రెండంగుళాల మూతి ముక్క పట్టుకుని
లేని కుండనంతా కాగితం మీద పూర్తిచేసేటప్పుడు
నాకు ప్రతిసారీ అబద్ధమాడుతున్నట్టే ఉంటుంది.

మా వైపు సామెత ఒకటుంది, అన్నాను ఒకరోజు:
కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు.
టీ కప్పు దించి అడిగింది,
"మరి పెంకుకు?"
సామెత అక్కడితో ఆగిపోతుంది, చెప్పాను.
"మన జీతం అక్కడే మొదలు."

నాలుగో గోతిలో, మరుగుదొడ్డి గుంట అట్టడుగున
దొరికింది ఒక జగ్గు అడుగు ముక్క.
నిలకడ కోసం అంచు పొడుగునా నొక్కిన బొటనవేలి పల్లాలు,
కజ్జికాయ అంచు మడిచినట్టు.
నా వేలు పెట్టి చూశాను, వదులు.
పక్కదీ వదులే. ఆ పక్కదీ.
నాలుగోది పట్టలేదు.
చిటికెనవేలు పెట్టినా గోరు దగ్గరే ఆగింది.

ఎవరో పిల్ల.
సారె పక్కన మోకాళ్ళ మీద నిలబడి
నేనూ ఒకటి, అన్న పిల్ల.
వంకరగా నొక్కింది.
ఆయన, తండ్రో యజమానో తెలీదు,
సరిచెయ్యలేదు.
అలాగే ఆవంలో పెట్టాడు.

పట్టికలో దానికి గడి లేదు.
"నొక్కుల అడుగు, ఒకటి," అని రాయమంది డోరీన్.
తర్వాత ఆ గుంటలో తన చిటికెనవేలి కొన ఆనించి
టీ చల్లారేదాకా తియ్యలేదు.

ఏప్రిల్లో ఉత్తరం వచ్చింది:
గోదాములో చోటు లేదు, పన్నెండు పెట్టెలు వదిలించుకోండి.
తూచినవి, గీసినవి, లెక్కకెక్కినవి ఇంకెందుకు?
షెడ్డు వెనక గొయ్యి తవ్వాం.
అడుగున ఈ ఏటి పెన్నీ ఒకటి వేశాం,
రేపు తవ్వేవాళ్ళు మోసపోకుండా.
సంచీ సంచీ విప్పి డోరీన్ చెయ్యి పెట్టి చూసింది,
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు.
పెంకులు పడుతున్న చప్పుడు,
మొదట గలగల, తర్వాత మట్టి మీద మట్టి.

ఎనిమిదో సంచీ దగ్గర ఆమె చెయ్యి ఆగింది.
కోటు జేబులోకి వెళ్ళి
ఖాళీగా తిరిగొచ్చింది.
నేను రేవులో క్రేను వంక చూశాను.

సాయంత్రం కాటా లెక్క కుదరలేదు.
నూట ముప్పై ఎనిమిది గ్రాములు తక్కువ.
కారణం అన్న గడిలో రాశాను:
తడి ఆరింది.